గెలుపోటములు – పరికల్పనా పరీక్ష: బాస్కెట్‌బాల్ జట్ల బలాబల నిర్ణయ చరిత్ర

కుండలోని అన్నము ఉడికినదో లేదో తెలిసికొనుటకు ఒక్క మెతుకు పట్టి చూచిన చాలునని లోకానుభవము. దీనినే మన పూర్వులు స్థాలీపులాక న్యాయమనిరి. తాటిచెట్టుపై కాకి వ్రాలుటయు, ఆ క్షణముననే పండు రాలుటయు సంభవించినపుడు, కాకి వ్రాలుటచేతనే పండు రాలినదని యెంచరాదని తెలుపునది కాకతాళీయ న్యాయము. మొదటి న్యాయము కొంచెమును బట్టి మొత్తమును ఊహింపవచ్చు ననుచున్నది. రెండవది యట్లు ఊహించునపుడు యాదృచ్ఛికమును కారణముగా భ్రమింపరాదని హెచ్చరించుచున్నది. ఈ రెండింటికిని నడుమ గీత యెచ్చట గీయవలెను? ఈ ప్రశ్నకు ఇరువదవ శతాబ్దియందు సాంఖ్యక శాస్త్రము ఒక కొలత నేర్పరచినది. దానికే పరికల్పనా పరీక్ష యని పేరు.

ఆ పరీక్ష పుట్టి పెరిగిన క్రమమును, బాస్కెట్‌బాల్ జట్ల గెలుపోటములకు దానిని అన్వయించిన విధమును పరిశీలించుట ఈ వ్యాసమునకు విషయము. ఇట్టి సంపుటమున దీనికి చోటు దొరకుటకు కారణము లేకపోలేదు. ఈ పరీక్షా విధానములలో ముఖ్యమైన మూడింటిలో ఒకటి కన్నడదేశమున జన్మించిన తెలుగువాని పేర లోకమంతట ప్రసిద్ధమై యున్నది.

ఆట పుట్టుక

తక్కిన క్రీడలలో పెక్కింటికి లేని విశేషము బాస్కెట్‌బాల్‌నకు కలదు. దాని జన్మస్థానము, జన్మకాలము, జనకుడు – మూడును స్పష్టముగ తెలియును. అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రమున స్ప్రింగ్‌ఫీల్డ్ పట్టణమందు వై.ఎం.సి.ఏ. వారి శిక్షణ పాఠశాల యొకటి యుండెను. అందు వ్యాయామోపాధ్యాయుడుగా నున్న జేమ్స్ నెయిస్మిత్ 1861లో కెనడా దేశమున జన్మించినవాడు. చలికాలమున ఇంటిలోపల ఆడదగిన క్రీడ కావలసి, 1891 డిసెంబరు నెలలో అతడీ యాటను కల్పించెను. పీచ్ పండ్ల బుట్టలు రెండింటిని ఎత్తున కొట్టించి, 13 నియమములు వ్రాసి, 18 మంది విద్యార్థులను పక్షమునకు 9 మంది చొప్పున విభజించి యాడించెను. ఆ మొదటి యాటలో బుట్టలో పడిన బంతి ఒక్కటియే. 1936లో బెర్లిన్ ఒలింపిక్ క్రీడలయందు ఈ యాటకు స్థానము లభించినపుడు నెయిస్మిత్ దానిని కన్నులార చూచి సంతసించెను.

మన దేశమున నీ యాట వ్యాపించుటకును వై.ఎం.సి.ఏ. సంస్థయే ముఖ్య సాధనమైనది. 1920లో హారీ క్రో బక్ మదరాసున వ్యాయామ విద్యా కళాశాలను స్థాపించెను. ఆ దినములలో కోస్తా ఆంధ్ర మండలములు, రాయలసీమ, బళ్ళారి, తమిళ మండలములు ఒకే మదరాసు రాజధానికి లోబడి యుండినవి. 1934లో ఢిల్లీయందు పురుషుల జాతీయ పోటీలు మొదలయ్యెను. 1950లో అఖిల భారత స్థాయిని బాస్కెట్‌బాల్ సమాఖ్య యేర్పడెను.

నెయిస్మిత్ 1898లో కాన్సస్ విశ్వవిద్యాలయమునకు పోయి, 1907 వఱకు అచ్చటి జట్టునకు శిక్షకుడుగా నుండెను. ఆ కాలమున ఆ జట్టు 55 ఆటలు గెలిచి 60 ఆటలు ఓడినది. ఆ విశ్వవిద్యాలయ శిక్షకులలో గెలుపులకంటె ఓటములెక్కువ గలవాడు ఆటను సృజించిన యీతడొక్కడే యని క్రీడాభిమానులు చమత్కారముగ చెప్పుకొందురు. ఈ చమత్కారమున నిజమెంత? 115 ఆటలలో 55 గెలిచిన జట్టు సామాన్యమైన జట్టుకంటె తక్కువదని నిశ్చయింపవచ్చునా? ప్రశ్న చిన్నదే యైనను పరికల్పనా పరీక్ష యొక్క స్వరూపమంతయు నిందు ఇమిడియున్నది.

పరీక్ష పుట్టుక

ఇట్టి ప్రశ్నకు గణితముతో జవాబు చెప్ప యత్నించిన తొలివారిలో జాన్ ఆర్బత్‌నాట్ అను వైద్యుడు ముఖ్యుడు. లండను నగరమున 1629 మొదలు 1710 వఱకు జరిగిన బాప్తిస్మముల లెక్కలను అతడు పరిశీలించెను. ఆ 82 సంవత్సరములలో ప్రతి సంవత్సరమును మగశిశువులే యెక్కువగా నుండిరి. ఏ సంవత్సరమునందైనను ఆడశిశువులు మించుటకును మగశిశువులు మించుటకును సమానావకాశమే యున్నచో, 82 పర్యాయములును మగశిశువులే మించుట యెంత దుర్లభము? అరను 82 సార్లు హెచ్చవేసిన వచ్చునంతటి యతి సూక్ష్మ సంభావ్యత. కనుక ఇది కాకతాళీయము కాదని, దైవసంకల్పమని యతడు తీర్మానించెను. తీర్మానములోని వేదాంతమెట్లున్నను మార్గము మాత్రము నేటికిని నిలిచియున్నది. అమెరికా జాతీయ బాస్కెట్‌బాల్ సంఘమైన ఎన్.బి.ఏ. 1967–68 నుండి ప్రతి జట్టునకు సంవత్సరమునకు విధించిన ఆటల సంఖ్యయు 82. ఈ పోలిక మాత్రము కేవలము కాకతాళీయమే.

ఆ పిమ్మట 1900లో కార్ల్ పియర్సన్ కై-వర్గ పరీక్షను ప్రకటించెను. డబ్లిన్ నగరమున గిన్నిస్ వారి బీరు కర్మాగారమందు పనిచేయుచుండిన విలియం గాసెట్ 1908లో ‘స్టూడెంట్’ అను మారుపేరుతో అల్పసంఖ్యాక పరిశీలనలకు దగిన పరీక్షను చూపెను. ఆర్.ఏ. ఫిషర్ 1925, 1935 సంవత్సరములలో వెలువరించిన గ్రంథములచేత ఈ విధానములు శాస్త్రజ్ఞులందఱకు నిత్యోపయోగములైనవి. 1928 నుండి 1933 వఱకు ఎర్జీ నేమన్, ఎగాన్ పియర్సన్ అను నిరువురు దీనికి తర్కబద్ధమైన కట్టడమును కూర్చిరి.

ఆ కట్టడమును న్యాయస్థానముతో పోల్చి చెప్పవచ్చును. నిర్దోషి యను భావముతోనే విచారణ మొదలగును. శాస్త్రమున దీనిని శూన్య పరికల్పన యందురు. జట్టు విషయమున ‘దీని గెలుపునకు, ఓటమికి సమానావకాశము కలదు’ అనునదియే శూన్య పరికల్పన. సాక్ష్యము ఆ భావమును నిలువనీయనంత బలవత్తరమైనపుడే దానిని త్రోసివేయవలెను. నిర్దోషిని దండించుట మొదటి రకపు దోషము. దోషిని విడిచిపెట్టుట రెండవ రకపు దోషము. మొదటి దోషము నూటికి 5కు మించకుండునట్లు హద్దు పెట్టుట వాడుకయైనది. ఈ హద్దునకు సార్థకతా స్థాయి యని పేరు. రెండవ దోషమున పడకుండ, ఉన్న భేదమును పట్టుకొనగల సామర్థ్యమునకు పరీక్షాశక్తి యని పేరు. ఈ రెండవ మాటను మఱచుటచేతనే పెక్కు వివాదములు పుట్టినవి.

హడగలి నుండి కేంబ్రిడ్జి వఱకు

కల్యంపూడి రాధాకృష్ణ రావుగారు 1920 సెప్టెంబరు 10వ తేదీని బళ్ళారి మండలమందలి హూవిన హడగలిలో తెలుగు కుటుంబమున జన్మించిరి. ఆ తాలూకా అప్పుడు మదరాసు రాజధానిలోనిది. 1953 అక్టోబరు 1న ఆంధ్రరాష్ట్ర మేర్పడినపుడు ఆదోని, ఆలూరు, రాయదుర్గము తాలూకాలు ఆంధ్రమున చేరగా, హడగలి మైసూరు రాష్ట్రమున చేరినది. నేడది కర్ణాటకమున విజయనగర జిల్లాలోనిది. తండ్రి దొరస్వామి నాయుడుగారు పోలీసు శాఖలో ఉద్యోగులు. తల్లి లక్ష్మీకాంతమ్మగారు. పదిమంది సంతానములో రాధాకృష్ణ రావుగారు ఎనిమిదవవారు. గూడూరు, నూజివీడు, నందిగామ, విశాఖపట్టణములలో వారి చదువు సాగినది. ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో గణితశాస్త్రమున ఎం.ఏ. పట్టము పొంది, 1941లో కలకత్తాకు పోయి, మహలనోబిస్‌గారి భారతీయ సాంఖ్యక సంస్థలో చేరిరి. కలకత్తా విశ్వవిద్యాలయమున 1943లో సాంఖ్యక శాస్త్రమునను ఎం.ఏ. పట్టము గడించిరి.

1945లో ప్రకటించిన వ్యాసముతోనే రావుగారి పేరు శాస్త్రలోకమున స్థిరపడినది. 1946లో వారు కేంబ్రిడ్జికి వెళ్లిరి. సూడాను దేశమందలి జెబెల్ మోయా యను చోట త్రవ్వి తీసిన ప్రాచీన మానవాస్థుల కొలతలను విశ్లేషించుట వారికి అప్పగింపబడిన పని. ఫిషర్ పర్యవేక్షణమున 1948లో డాక్టరు పట్టము పొందిరి. ఆ సంవత్సరమే కేంబ్రిడ్జి తత్త్వవిచార పరిషత్తు పత్రికలో వారు ప్రకటించిన వ్యాసమున ‘స్కోరు పరీక్ష’ వెలువడినది.

అంతకు ముందు ఇట్టి పరీక్షలు రెండు విధములుగా నుండినవి. 1928 నాటి నేమన్–పియర్సనుల సంభావ్యతా నిష్పత్తి పరీక్ష యొకటి. 1943లో ఏబ్రహాం వాల్డ్ చూపిన పరీక్ష మఱొకటి. వాల్డ్ పద్ధతిలో దత్తాంశమునుండి లభించిన యంచనాయొద్ద నిలిచి, శూన్య పరికల్పన యెంత దూరమున నున్నదో చూతురు. రావుగారి పద్ధతి దీనికి ప్రతిలోమము. శూన్య పరికల్పన సత్యమేయని ముందు అంగీకరించి, అచ్చటనే నిలిచి, దత్తాంశము పరిశీలకుని అచ్చటనుండి యెంత బలముగ లాగుచున్నదో కొలుతురు. బలము స్వల్పమైనచో కదలనక్కరలేదు. మిక్కుటమైనచో ఆ స్థానము విడువవలెను. ఆర్థశాస్త్రజ్ఞులు లాగ్రాంజి గుణకపరీక్ష యనునది ఈ రావు పరీక్షయే. 1958లో అయిచిసన్, సిల్వీ అనువారు దానిని వేఱొక మార్గమున సాధించిరి.

వాల్డ్ జీవితాంతమును మన దేశముతోనే ముడివడినది. భారతదేశమున ఉపన్యాసములిచ్చుటకు వచ్చి, 1950 డిసెంబరు 13న నీలగిరులలో జరిగిన విమాన ప్రమాదమున అతడును భార్యయు మరణించిరి. రావుగారు 102 ఏండ్లు జీవించి, అమెరికాలో పిట్స్‌బర్గ్, పెన్సిల్వేనియా స్టేట్ విశ్వవిద్యాలయములలో ఆచార్యులుగా నుండి, 2023లో అంతర్జాతీయ సాంఖ్యక పురస్కారమును గ్రహించి, ఆ సంవత్సరమే ఆగస్టు 22న దివంగతులైరి.

ఎనుబదిరెండు ఆటల కొలత

ఇక నీ కొలతను జట్లకు పెట్టి చూడవచ్చును. గెలుపోటములకు సమానావకాశమున్న జట్టు 82 ఆటలలో సగటున 41 గెలుచును. కాని ప్రతి సంవత్సరమును సరిగా 41 గెలువదు. నాణెము నెగురవేసినపుడు బొమ్మబొరుసులు సమముగ పడనట్లే కొంత హెచ్చుతగ్గు తప్పదు. ఆ హెచ్చుతగ్గునకు కొలత క్రమ విచలనము. ఆటల సంఖ్యకు వర్గమూలము తీసి సగము చేసిన నది లభించును. 82 ఆటలకు సుమారు 4.53. దీనికి 1.96 రెట్లు, అనగా సుమారు 9 ఆటలు, ఇరువైపుల విడిచిన, 33 మొదలు 49 వఱకు గెలుపులు కేవల యాదృచ్ఛికముననే రాదగినవి. 50 గెలుపులు సరిగా అంచున నున్నవి. మిక్కిలి నిష్కృష్టముగ గణించిన అవియును నూటికి 5 హద్దును కొంచెము దాటి లోపలనే యుండును. 51 గెలుపులు మాత్రము నిశ్చయముగ వెలుపలివి.

నెయిస్మిత్ జట్టు సంగతి చూతము. 115 ఆటలకు సగటు 57.5, క్రమ విచలనము 5.36. అతని లోటు 2.5 ఆటలు మాత్రమే. అది క్రమ విచలనమున సగమైనను కాదు. ఇంతటి లోటుచేత ఆ జట్టు సామాన్యస్థాయికి తక్కువదని తీర్పు చెప్పుట నిర్దోషిని దండించుటయే. చమత్కారము చమత్కారముగానే మిగులవలెను.

దీనికి భిన్నముగ రెండు దృష్టాంతములు కలవు. 1972–73లో ఫిలడెల్ఫియా జట్టు 9 గెలిచి 73 ఓడినది. 2015–16లో గోల్డెన్ స్టేట్ జట్టు 73 గెలిచి 9 ఓడినది. ఒకటి రెండవదానికి అద్దములోని నీడ. రెండింటికిని సగటునుండి దూరము 32 ఆటలు, అనగా క్రమ విచలనమునకు 7 రెట్లకు మించినది. 1995–96లో 72 గెలిచిన షికాగో జట్టునకు 6.8 రెట్లు. ఇట్టి ఫలితములను అదృష్ట దురదృష్టములకు అప్పగించుట కుదరదు. ఎన్.బి.ఏ. జట్ల గెలుపుల చెదరుబాటు సామాన్యముగ 4.53నకు రెట్టింపును మించి యుండును. కావున జట్ల మధ్య నిజమైన బలాబల భేదము కలదనుట నిస్సంశయము.

అయినను ఏ జట్టు భేదము నిజమైనది, ఏది యాదృచ్ఛికము అని వేఱుచేయునపుడు జాగ్రత్త వలయును. ఒక జట్టు ఒక సంవత్సరము 41 గెలిచి మఱుసటి సంవత్సరము 50 గెలిచినదనుకొందము. శిక్షకుని కీర్తించువారు పలువురు బయలుదేరుదురు. కాని రెండు సంవత్సరముల ఫలితములును హెచ్చుతగ్గులకు లోనైనవే. వాని భేదమునకు క్రమ విచలనము 6.4. తొమ్మిది ఆటల వృద్ధి దీనికి ఒకటిన్నర రెట్లయినను కాదు. 13 ఆటల వృద్ధి యున్నగాని హద్దు దాటదు. మఱియు 30 జట్లు గల పోటీలో అన్నియు సమబలములే యైనను, ఒకటి రెండు జట్లు కేవల యాదృచ్ఛికముననే హద్దు వెలుపల పడుచుండును. పలువురిని పరీక్షించి, వెలుపల పడినవానిని మాత్రమే యెన్నుకొని చూపువాడు తన్ను తానే మోసగించుకొనుచున్నవాడు.

‘ఇంట గెలిచి రచ్చ గెలువు’మని తెలుగు సామెత. స్వస్థలమున ఆడునపుడు గెలుచుట సులభమను తలంపు ఈ పరీక్షకు చక్కగ నిలిచినది. 30 జట్లు గల సంవత్సరమున మొత్తము 1,230 ఆటలు జరుగును. స్వస్థల ప్రయోజనమే లేనిచో స్థానిక జట్లకు 615 గెలుపులు రావలెను. క్రమ విచలనము 17.5. ఇరువదవ శతాబ్ది యెన్.బి.ఏ. చరిత్రలో స్థానిక జట్లు నూటికి సుమారు 60 ఆటలు గెలుచుచుండినవి. 1,230కి అది 738. ఏడు రెట్ల దూరము. నూటికి 55 మాత్రమే గెలిచినను మూడున్నర రెట్ల దూరముండును. ఒక జట్టు విషయమున సందేహాస్పదమగు భేదమే ఆటలు పెరిగినకొలదిని నిశ్చయమగుచున్నది.

మాస్కోలోని ఏడు ఆటలు

అల్పసంఖ్యలో రావుగారి పరీక్షకు గల విశేషమును మన దేశపు జట్టు చరిత్రయే చూపగలదు. 1980లో మాస్కో ఒలింపిక్ క్రీడలయందు భారత పురుషుల జట్టు 7 ఆటలాడి ఏడింటను ఓడి, 12 జట్లలో 12వ స్థానమున నిలిచినది. ‘తక్కిన జట్లతో సమబలము కలది’ అను శూన్య పరికల్పనను దీనికి పెట్టి చూతము.

వాల్డ్ పద్ధతిలో క్రమ విచలనమును దత్తాంశమునుండియే తీయవలెను. గెలుపుల నిష్పత్తి సున్న యగుటచేత విచలనమును సున్న యగును. సున్నచే భాగించుట గణితమున నిషిద్ధము. పరీక్ష యక్కడ ఆగిపోవును. రావుగారి పద్ధతిలో విచలనము శూన్య పరికల్పననుండి తీయబడును. 7 ఆటలకు సగటు 3.5, విచలనము 1.32, దూరము 2.65 రెట్లు. హద్దు దాటినది. నేరుగ లెక్కించినను ఏడింటికేడును ఒకే పక్షమున పడుట 64లో 1 పాలు మాత్రమే. తీర్పు ఒకటే: అది దురదృష్టము కాదు, బలహీనత. ఇది నిందకు చెప్పిన మాట కాదు. వ్యాధి నిర్ణయము సరిగ జరిగిన పిమ్మటగదా చికిత్స!

విశ్వవిద్యాలయములలోను, కార్యాలయములలోను ‘ఒక నిష్పత్తికి పరీక్ష’ యని నిత్యము విద్యార్థులు నేర్చు సూత్రము, శూన్య పరికల్పననుండి విచలనము తీయు పక్షమున, రావుగారి స్కోరు పరీక్షయే. పేరు తెలియకయే లక్షలమంది దానిని వాడుచున్నారు.

పరీక్షాశక్తి

ఎన్.బి.ఏ. తుది పోరాటము ఏడు ఆటలకు మించదు. నాలుగు ముందుగ గెలిచినది విజేత. సమబలములైన రెండు జట్లలో ఏదో యొకటి వరుసగ నాలుగును గెలుచుట 8లో 1 పాలు. అనగా నూటికి 12కు పైగా. కనుక 4–0 విజయమైనను, దానిని మాత్రమే చూచినచో, గెలిచిన జట్టు మేలైనదని రుజువు చేయదు! ఆట కొకటికి నూటికి 60 పాళ్లు గెలువగల మేటి జట్టు కూడ ఏడు ఆటల వరుసను నూటికి 71 పర్యాయములే గెలుచును. 29 పర్యాయములు తక్కువ జట్టే కిరీటము ధరించును. 73 ఆటలు గెలిచిన గోల్డెన్ స్టేట్ జట్టు 2016 తుది పోరాటమున 3–1తో ముందుండియు క్లీవ్‌లాండ్ చేత 4–3తో ఓడినది. ఒక్క మెతుకుతో అన్నము తెలియును గాని, ఒక్క వరుసతో జట్టు తెలియదు. కుండలోని మెతుకులన్నియు ఒకే నీటిలో ఒకే సెగకు ఉడికినవి, ఆటలట్టివి కావు.

దీనికి మఱొక పార్శ్వము కలదు. నిజముగనే నూటికి 55 పాళ్లు గెలువగల జట్టొకటి కలదనుకొందము. ఒక సంవత్సరమున నది 50 గెలుపులు చేరు నవకాశము 6లో 1 పాలు మాత్రమే. తక్కిన ఐదు పర్యాయములు పరీక్ష ‘భేదము కానరాలేదు’ అనును. అట్టి భేదమును పదింట ఎనిమిది పర్యాయములు పట్టుకొనవలెనన్న సుమారు 780 ఆటలు, అనగా తొమ్మిదిన్నర సంవత్సరములు కావలెను. అప్పటికి ఆ జట్టులో పాత యాటగాండ్రు ఎందఱుందురు? కావున భేదము కానరాలేదనుట వేఱు, భేదము లేదనుట వేఱు. గెలుపోటములను మాత్రమే గాక పాయింట్ల తేడాలను లెక్కించి స్టూడెంట్ పరీక్ష పెట్టినచో సాక్ష్యము కొంత బలపడును. ఏలయన ఒక పాయింటుతో గెలుచుటయు ముప్పదితో గెలుచుటయు గెలుపుల లెక్కలో ఒకటియే.

చేతి ఊపు వివాదము

‘భేదము కానరాలేదు’ అను మాటను ‘భేదము లేదు’ అని చదువుట యెంత ప్రమాదకరమో తెలుపు వివాద మొకటి ఈ చరిత్రలో కలదు. వరుసగ రెండు మూడు బంతులు వేసిన యాటగాడు ఊపు మీద నున్నాడని, తరువాతి బంతియు పడునని ఆటగాండ్రును చూపరులును నమ్ముదురు. 1985లో గిలోవిచ్, వలోన్, ట్వెర్‌స్కీ అను మనస్తత్త్వ శాస్త్రజ్ఞులు దీనిని పరీక్షకు పెట్టిరి. వారు ప్రశ్నించిన క్రీడాభిమానులలో నూటికి 91 మంది ఊపును నమ్మినవారే. 1980–81 నాటి ఫిలడెల్ఫియా ఆటగాండ్ర లెక్కలలో మాత్రము, ఒక బంతి పడిన పిమ్మట నూటికి 51, తప్పిన పిమ్మట నూటికి 54 పడినవి. బోస్టన్ జట్టు వేసిన జంట ఫ్రీత్రోలలో మొదటిది పడినను తప్పినను రెండవది నూటికి 75 చొప్పుననే పడినది. కార్నెల్ విశ్వవిద్యాలయ క్రీడాకారులు 26 మందిచేత బంతులు వేయించి చూచిరి. వాల్డ్, వుల్ఫోవిట్జ్‌లు 1940లో చూపిన వరుసల పరీక్షయు ప్రయోగింపబడినది. ఊపు యొక్క జాడ కానరాలేదు. ఊపు కేవలము భ్రమయని, మానవుడు యాదృచ్ఛికమున లేని క్రమమును చూచునని మూడు దశాబ్దములకు పైగా పాఠ్యగ్రంథములు బోధించినవి. జీవితమంతయు ఆటలో గడపిన శిక్షకులు తమ కన్నులను తామే నమ్మరాదని విద్వాంసులచే చెప్పించుకొనిరి.

2018లో మిల్లర్, సన్హుర్హో అను ఆర్థశాస్త్రజ్ఞులు ఆ కొలతలోనే సూక్ష్మదోషమున్నదని ‘ఎకానొమెట్రికా’ పత్రికలో నిరూపించిరి. దోషము చిన్న దృష్టాంతముతో తెలియగలదు. నాణెమును మూడు సార్లెగురవేసిన ఎనిమిది విధములు. ప్రతి విధమునందును, బొమ్మ పడిన వెంటనే మరల బొమ్మ పడిన నిష్పత్తిని చూడవలెను. రెండు విధములలో బొమ్మ తరువాత వేటు లేనేలేదు. అవి లెక్కకు రావు. మిగిలిన యాఱింటిలో బొమ్మ–బొమ్మ–బొమ్మకు 1, బొమ్మ–బొమ్మ–బొరుసునకు 1/2, బొరుసు–బొమ్మ–బొమ్మకు 1, తక్కిన మూడింటికి సున్న. వీని సగటు సగము కాదు, 5/12. నాణెమున నే ఊపును లేకున్నను కొలత సగముకంటె తక్కువ చూపుచున్నది! అట్టి కొలతతో ఒక యాటగానికి సమనిష్పత్తి కనబడిన, నిజమునకు అతనిలో కొంత ఊపు కలదని అర్థము. ఈ లోపమును సవరించి కార్నెల్ లెక్కలను మరల చూచినపుడు, మూడు బంతులు వరుసగ పడిన పిమ్మట సాఫల్యము, మూడు తప్పిన పిమ్మటి సాఫల్యముకంటె నూటికి పదికి పైగా అధికమని తేలినది.

దీనివలన శిక్షకులు నమ్మినంత ఊపు కలదని కాదు; విద్వాంసులు చెప్పినట్లు బొత్తిగ లేదనుట మాత్రము నిలువదని. ఇచ్చట దోషము పరికల్పనా పరీక్షది కాదు. ‘శూన్య పరికల్పన సత్యమైనచో దత్తాంశము ఎట్లుండవలెను’ అను తొలి ప్రశ్నకు జవాబు తప్పుగ చెప్పుటవలన నది కలిగినది. శూన్య పరికల్పనయొద్దనే నిలిచి కొలువవలెనను రావుగారి పద్ధతికి పునాదియైన ప్రశ్నయు నిదియే.

ముగింపు

ఈ చరిత్రనుండి గ్రహింపదగిన విషయములు మూడు. స్వల్ప సాక్ష్యముతో మేలు కీడుల నిర్ణయింపరాదనునది మొదటిది. సాక్ష్యము చాలనపుడు ‘తెలియదు’ అనవలెనే గాని ‘లేదు’ అనరాదనునది రెండవది. కొలత నుపయోగించుటకు ముందు కొలతనే పరీక్షింపవలెననునది మూడవది. ఇవి ఆటకు మాత్రమే చెందినవి కావు. మూడు పరీక్షలలో తప్పిన బాలుని మందబుద్ధియనుట, రెండు పంటలు పోయిన రైతును చేతకానివాడనుట, నాలుగు ఆటలోడిన శిక్షకుని తొలగించుట – అన్నియు ఒకే జాతి తీర్పులు. అట్టి తీర్పులవలన చెడినవారి లెక్క యెవరును వ్రాసి యుంచలేదు.

తెలుగు సంఘములు తమ యువకుల జట్లకు పోటీలు నడుపుచోట ప్రతి యాట ఫలితమును, పాయింట్ల తేడాను, ఆడిన స్థలమును ఏటేట వ్రాసి భద్రపఱచుట తొలి మెట్టు. కొన్ని సంవత్సరముల లెక్కలు కూడిన పిమ్మటనే ఏ జట్టు పెరిగినది, ఏ శిక్షణ ఫలించినది యను ప్రశ్నలకు న్యాయమైన జవాబు దొరకును. అందులకు కావలసిన సూత్రము హైస్కూలు గణితము దాటినది కాదు: ఆటల సంఖ్యకు వర్గమూలము, దానిలో సగము. సరిహద్దు తాలూకాలో పుట్టి, తండ్రి బదిలీలతో ఊరూర చదివిన తెలుగు బాలుడు పెద్దవాడై లోకమునకిచ్చిన పరీక్షను, ఆ బాలుని వంటి పిల్లల యెడ న్యాయముగ తీర్పు చెప్పుటకు వినియోగించుట ఉచితమైన పని.